నాలుగో రాయి

వేదిక మీది రాతి పలకను ముసలాయన వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

అది చూసి ముందు వరస పిల్లలు కుర్చీల మీద టకటకమని మొదలుపెట్టారు.

"ఆపండి! బడి ఎనక షెడ్డోళ్ల టకటక చాల్లేదా మీకు?" లూదియా టీచర్ గదమాయించింది.

ఆళ్లగడ్డలో ఆమె బడి వెనకే శిల్పుల షెడ్డు. ఆ చప్పుడు పడక ఆ వైపు కిటికీ ఆమె తెరవనివ్వదు.

ఇవాళ నలభై మంది పిల్లల్ని నంద్యాలకు, వాన కచేరీకి తీసుకొచ్చింది. చినుకు మొదలు జడివాన దాకా ఏడు రాతి పలకల మీద వాయిస్తారు. మొదటి చినుకు మాత్రం వాళ్ల షాలినిది. పేరడిగినా తల దించుకునే పిల్ల. నెల కిందట బడికొచ్చిన వాద్యకారుడు నారాయణ ఏరికోరి ఆ పిల్లనే ఎంచుకున్నాడు. యాడ నేర్చుకుందో గానీ, పదిహేను రోజుల్లో దెబ్బ భలే కుదిరింది. ఈ పిల్ల ఇవాళ నెగ్గుకొస్తే చాలు దేవా అని టీచర్ దారి పొడవునా ప్రార్థించింది.

అట్లాంటిది, ఎవరో వచ్చి ఆ రాళ్ల మీద పడితే ఊరుకుంటుందా?

"ఏం పెద్దాయనా, ఆడేం చేస్తాండావ్?"

"నాలుగో రాయి పలకడం ల్యా తల్లీ. ఆటోలో దెబ్బ తగిలినట్టుంది. పది నిమిషాలియ్యి." సంచిలోంచి సుత్తి తీశాడు.

సుత్తి చూసేసరికి ఆమె వేదిక మెట్ల దాకా దూసుకెళ్లింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? వాయించేటోళ్లు సూసుకుంటారు, దిగు!"

"నారాయణ యాడుండాడు?"

"వచ్చేటప్పుడు వస్తాడు. పిల్లలుండే కాడ సుత్తేందప్పా? పోతావా, ఎవుర్నన్నా పిలవాల్నా?"

షాలిని ఆమె కొంగు లాగింది. "టీచర్, ఆ తాత..."

"నువ్వుండు!"

ముసలాయన సుత్తి సంచిలో పెట్టేశాడు. బరువైన సంచి భుజానికెత్తుకుని బయటికి నడిచాడు. మాట పడే రకం కాదు.

కచేరీ మొదలైంది. షాలిని వేదికెక్కి, కర్ర ఎత్తి, నాలుగో రాయి మీద నేర్చుకున్నట్టే కొట్టింది.

ఖంగుమనాల్సిన రాయి మొద్దుగా దబ్బుమంది.

హాలంతా గొల్లున నవ్వింది. షాలిని తల దించుకుంది.

నారాయణ ఆ పలకను తడిమి చూసి, ముందు వరసకు వంగాడు.

"ఈ రాళ్లు చెక్కిన శేషయ్య వస్తానన్నాడు మేడమ్. అన్నీ కొట్టి సూసి, పలకందానికి మారు రాయి ఏస్తానన్నాడు. సూసి సూసి మొదలుపెట్టినాం. సంచి ఏసుకోని ఎవరన్నా వచ్చినారా?"

టీచర్ లేచి బయటికి పరుగెత్తింది.

"సంచి తాతా? ఆళ్లగడ్డ బస్సెక్కినాడు గదమ్మా, ఇందాకే," అన్నాడు గేటు దగ్గర సోడాలమ్మే అతను.

ఆమె తిరిగొచ్చేసరికి షాలిని వేదిక మెట్ల మీద కూర్చుని ఉంది. కర్ర ఇంకా చేతిలోనే ఉంది.

"ఆయన నీకు తెల్సునా పాపా?"

ఆ పిల్ల తలెత్తింది. టీచర్ ముందు మొదటిసారి గట్టిగా మాట్లాడింది.

"మీరు రోజూ కిటికీ మూయిస్తారే, ఆ షెడ్డు తాతే టీచర్. నాకు చినుకు నేర్పిచ్చింది ఆయనే."