అయిదో నిమ్మకాయ

“గా సీటు మీదున్నది నెత్తురు. మీరు ఎక్కద్దు,” అంది గంగాబాయి, చేతిలోని తడిగుడ్డ భర్తకు చూపిస్తూ.

నారాయణదాస్ నవ్వాడు. ఆర్మూరు బజారులో ముప్పై ఏళ్లుగా పసుపు అడ్తి దుకాణం నడుపుతున్న మనిషి ఆయన. కొమ్ము విరిచి వాసన చూసి అది ఏ ఊరి చేలో పండిందో చెప్పగలడు. అలాంటి వాడికి ఇంట్లో ఆడమనిషి రంగుల సంగతి నేర్పడమేమిటని ఆయన నవ్వు.

వాకిలి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుచుకుని ఉంది కారు. పోలీసు యాక్షన్ గడబిడలో దొరల కోట లాంటి గడి కొట్టంలో ఆగిపోయి, ఏడాదికి పైగా కదలని దొరగారి బండి. దొర ఎవరికీ చెప్పకుండా బొంబాయి వెళ్లిపోయాడనీ, పోతూ పోతూ ఇన్నేళ్ల చాకిరీకి బండి తనకు రాసిచ్చాడనీ ఆయన డ్రైవర్ లింగం చెప్పాడు. ముద్ర వేసిన కాగితం కూడా చూపించాడు. అంత పెద్ద బండి అగ్గువకు వస్తుంటే గుచ్చి గుచ్చి అడిగేదెవరు? నారాయణదాస్ అసలే అడగలేదు. దాన్ని నడపడం ఊళ్లో ఇంకెవరికీ రాదు కనుక లింగాన్నే డ్రైవరుగా పెట్టుకున్నాడు.

బండికి ప్రాణం పోయడానికి లింగానికి పది రోజులు పట్టింది. ఇంజనులో ఎలుకల గూళ్లు తీశాడు, టాంకీ అడుగున పేరుకున్న మడ్డి కడిగాడు, పగుళ్లిచ్చిన టైర్లు మార్చాడు, నిజామాబాదు నుంచి కొత్త బ్యాటరీ తెప్పించాడు. రేడియేటర్ కారుతుంటే సేటు కొట్టులోంచే దోసెడు పసుపు తెచ్చి అందులో పోశాడు. కారడం ఆగింది. నా పసుపుతోనే దొర బండి బతికిందని నారాయణదాస్ బజారంతా చెప్పుకున్నాడు.

వెనక తలుపులకు లోపలి పిడులు తుప్పు పట్టాయని లింగం ఊడదీశాడు. కొత్తవి వచ్చేదాకా ఎలాగంటే, దొరలు తమ చేత్తో తలుపు తీసుకోరు, తానే దిగి వచ్చి తీస్తానన్నాడు. ఆ మాట నారాయణదాస్ చెవికి చల్లగా తగిలింది. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య నిలువు అద్దం ఉంది. డ్రైవరుతో మాట్లాడాలంటే పక్కనే ఒక గొట్టం. ఇక్కడ గుసగుసలాడితే అక్కడ వినిపిస్తుంది, అక్కడి మాట ఇక్కడికి వస్తుంది. నారాయణదాస్ రోజూ ఆగి ఉన్న బండిలోనే కూర్చుని దాంట్లో ఏదో ఒకటి మాట్లాడి మురిసిపోయేవాడు.

ఇవాళ తొలి ప్రయాణం. నిజామాబాదు గంజి బజారులో, కొత్త ఫోర్డు కారు కొని మిడిసిపడుతున్న పోటీ వ్యాపారి ముకుంద్ కళ్ల ముందు దిగాలి. పూజ చేద్దామని గంగాబాయి వెనక సీటుకు కప్పిన తెల్లగుడ్డ విప్పింది. రంగు వెలుస్తుంది, విప్పొద్దని లింగం రెండుసార్లు చెప్పినా ఆమె వినలేదు. కింద బూడిద రంగు మఖ్మలు మీద పళ్లెమంత ముదురు మరక. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ ఎర్రబడింది.

“పొద్దున దిష్టి నీళ్లు ఎట్ల కలిపినవ్?” అన్నాడు నారాయణదాస్. “పసుపుల సున్నమేస్తె ఎర్రగ కాలేదా? నా పంచె పసుపు పైగుడ్డలకెల్లి సీటుకంటింది. నాగవ్వ సోడల ఉతికిన గుడ్డతోని నువ్వు తుడిచినవ్. గంతే.”

నాగవ్వ ఇంట్లో పనిమనిషి. ఆమె ఏ గుడ్డయినా సోడా వేసే ఉతుకుతుంది. గంగాబాయి అది కాదనలేదు గాని మొండిగా నిలబడింది. చక్రాల కింద నాలుగు పెట్టగా మిగిలిన అయిదో నిమ్మకాయ తెచ్చి భర్త చేతిలో పెట్టింది.

“గట్లయితె దీన్ని పిండి చూడుండ్రి. పసుపైతె మల్ల పసుపు రంగుకే వస్తది. రాకపోతె దిగుండ్రి.”

అది నిజమేనని ఆయనకూ తెలుసు. పసుపు చీర మీద సున్నం పడితే ఊళ్లో ఏ ఆడదైనా నిమ్మకాయే వెతుక్కుంటుంది. కాని బజారు జనం మూగి ఉన్నారు. లింగం తలుపు తెరిచి పట్టుకుని, భార్యాభర్తల మాటలన్నీ వింటూ నిలబడ్డాడు. ఇంతమంది ముందు పెళ్లాం చెప్పిందని సీటు మీద నిమ్మకాయ పిండితే పరువేం కావాలి? దారిలో పిండి, తిరిగొచ్చాక చూపిస్తానని కాయను జేబులో వేసుకుని ఎక్కాడు. లింగం బయటి నుంచి తలుపు మూశాడు. చక్రాల కింద నాలుగు కాయలూ నలిగాయి.

ఊరు దాటింది. రెండు వైపులా నిలువెత్తు మక్కజొన్న చేలు. నారాయణదాస్ మరకకు ఎడంగా జరిగి కూర్చున్నాడు. ఎందుకు జరిగాడో ఆయనకే తెలియదు. కాసేపు ముకుంద్ మొహం ఎలా మాడుతుందో ఊహించుకుందామని చూశాడు గాని మనసు నిలవలేదు. చివరికి జేబులోంచి కాయ తీసి, పళ్లతో కొరికి, మరక మీద పిండాడు.

రసం ఇంకింది. ఎరుపు ఎరుపుగానే ఉంది. ఇంకా గట్టిగా పిండి, వేలితో రుద్దాడు. గోటి సందులో నిన్నటి పసుపు పచ్చగా ఉంది, వేలి కొనకు మాత్రం ఎరుపంటింది.

ఆయనకు భయం వేసింది. బొంబాయి పోయిన దొర నుంచి ఒక్క ఉత్తరమైనా వచ్చిందా అని తాను ఎవరినీ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. తలెత్తాడు. డ్రైవర్ ముందున్న చిన్న అద్దంలోంచి లింగం కళ్లు తననే, తన చేతిలోని నిమ్మడిప్పనే చూస్తున్నాయి. చెయ్యి దానంతటది తలుపును తడిమింది. పిడి ఉండాల్సిన చోట రెండు బోల్టు రంధ్రాలున్నాయి.

బండి నిజామాబాదు రోడ్డు వదిలి, చేల మధ్య ఎడ్లబండ్ల బాటలోకి మళ్లింది. ఎక్కడా మనిషి జాడ లేదు. నారాయణదాస్ గొట్టం అందుకుని, కడుపులో తిప్పుతోంది, జర బండి ఆపమన్నాడు.

బండి మెల్లగా ఆగింది. గొట్టంలోంచి లింగం గొంతు ఎప్పటిలాగే మర్యాదగా పలికింది.

“దొర గూడ గీ జాగలనే ఆపమన్నడు, సేటూ.”