నలభై సొరుగులు

"మామ్మగారూ, మళ్లీ వచ్చారా!"

మ్యూజియం స్టోర్‌కీపర్ విసుక్కున్నాడు. ఉద్యోగంలో చేరి మూడు నెలలే. ఆ మూడు నెలల్లోనే ఈ ముసలావిడ అతని ప్రాణం తోడేసింది. వారం వారం రావడం, నత్తగుల్లల సొరుగులు తీయించుకోవడం, భూతద్దం పట్టుకుని పొద్దుపోయేదాకా కూర్చోవడం.

"ఇవాళ కుదరదండీ. ఆ సొరుగులు ఖాళీ చేసేస్తున్నాం."

ఆవిడ మొహం పాలిపోయింది.

"ఎందుకు నాయనా?"

"నలభై సొరుగులూ ఒకే రకం నత్తలేనటండీ. రకానికొక నమూనా ఉంచి తక్కినవి తీసెయ్యమని రూలు. ఇక్కడ చోటు చాలక చస్తున్నాం."

"రకం ఒకటే. కానీ అన్నీ ఒకేలా లేవు, సరిగ్గా చూడు."

"నా కంటికి గుల్లలన్నీ గుల్లలేనండీ."

"అవి నేను ఏరినవి బాబూ."

అతనికి నవ్వొచ్చింది. "మా పాప కూడా ఏరుతుందండీ. ఇల్లంతా గుల్లలే!"

ఆవిడ నవ్వలేదు. కాళ్లు పట్టుకున్నంత పని చేసింది.

"డైరెక్టరుగారు నెలాఖరుకి వచ్చేస్తారు. అందాకా ఆగు నాయనా, నీకు పుణ్యముంటుంది."

"సరే, చూద్దాంలెండి" అని పంపేశాడు.

చూడలేదు. ఆ సాయంత్రమే ఒక్క గుల్ల ఉంచి, తక్కినవన్నీ బస్తాలకెత్తించాడు. చెత్తబండి పట్టుకుపోయింది. గది అద్దంలా ఉందని మురిసిపోయాడు కూడా, మహానుభావుడు!

మర్నాడు ఆవిడ వచ్చింది. ఒక సొరుగు లాగి, అడుగంతా అరచేత్తో తడిమింది.

"అన్నీనా?"

"అన్నీనండీ."

మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయింది. తర్వాత ఆవిడ రాలేదు. పీడ వదిలిందనుకున్నాడు.

నెలాఖరున డైరెక్టరు వస్తూనే కుర్చీలో కూలబడ్డాడు.

"పెద్దావిడ పోయారయ్యా. ఇప్పుడు అక్కడినుంచే వస్తున్నాను. ఆ నత్తల సొరుగులు దించు. ఆవిడ మాట నమ్మని శాస్త్రవేత్తలు ఎల్లుండి వస్తున్నారు. గుల్లలు చూస్తే నోరెత్తరు."

స్టోర్‌కీపర్ మెట్లవైపు చూశాడు.

"ఏ పెద్దావిడ సార్?"

"వారం వారం వచ్చేవారుగా! ఒకే గోడ కింద రాలిన గుల్లలు, ఏడాదికో సొరుగు చొప్పున నలభై ఏళ్లు ఏరారు. ఎండలు ముదిరేకొద్దీ ముదురురంగువి తగ్గి, లేతరంగువి పెరుగుతూ వచ్చాయి."

డైరెక్టరు కళ్లు తుడుచుకున్నాడు.

"జీవులు మన కళ్లముందే తరతరానికీ మారిపోతాయని మన దేశంలో మొట్టమొదట కనిపెట్టిన మనిషి ఆవిడేనయ్యా, ఆ రుజువంతా నీ దగ్గరే ఉంది, తీసుకురా."