అరిగిన చోటు

"ఇక్కడ రంగు వాయించీ వాయించీ అరిగిందేనా, పాతదిలా కనిపించాలని గరుకు కాగితంతో రుద్దారా?" పాత ఎలక్ట్రిక్ గిటార్ కొనడానికొచ్చిన సంగీతం మాస్టారు అనుమానంగా అడిగాడు.

"మా నానమ్మ ఏళ్ల తరబడి వాయించింది సార్," అన్నాడు అమ్మే యువకుడు గొంతు తగ్గించి.

"కోతలు కొయ్యకు బాబూ. నానమ్మేంటి, ఈ గిటారేంటి!"

అంతలో లోపలి గది తలుపు తెరుచుకుంది. పెద్దావిడ గబగబా వచ్చి, గిటార్ లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. ఆమె ముంజేయి సరిగ్గా ఆ రంగు పోయిన చోటే వాలింది.

మాస్టారు నోరెళ్లబెట్టాడు.

"ఎవర్రా ఈయన? నా గిటార్‌తో ఈయనకేం పని?"

చెప్పొద్దన్నట్టు మనవడు మాస్టారికి సైగ చేశాడు. ఆమెకు తెలియకుండానే బేరం పెట్టాడని మాస్టారికి అర్థమైంది. జేబులో డబ్బు మీదున్న చెయ్యి మెల్లగా బయటకు తీశాడు.

"తీగలు మార్చాలని మీ మనవడే రమ్మన్నాడమ్మా," అన్నాడు.