ఎర్ర పువ్వు టోపీ

"టోపీకి ఈ ఎర్ర పువ్వేంటమ్మా? అందరూ నవ్వుతారు!"

రేపల్లెలో కారెక్కగానే శిల్ప గొడవ మొదలుపెట్టింది. ఈత పోటీ నిర్వాహకులు ఇచ్చిన పసుపు రంగు టోపీకి వాళ్ళమ్మ నాగజ్యోతి సూదితో ఎర్ర దారం పువ్వు కుట్టేసింది.

"నవ్వనీ. నలభై మందికీ పసుపు టోపీలే. సముద్రంలో నువ్వెవరో నాకెలా తెలియాలి?"

"తెలిసి ఏం చేస్తావ్?"

"చూస్తూ ఉంటా. అంతే."

"రబ్బరుకు సూది గుచ్చేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు తండ్రి గోపీనాథ్, కారు బాపట్ల రోడ్డెక్కిస్తూ.

వెనక సీట్లోంచి ధనమ్మ విసుక్కుంది. "మీ టోపీ గొడవ ఆపితే కాసేపు కునుకు తీస్తా. నిన్న ఆ భట్టిప్రోలు స్తూపం చుట్టూ తిరిగి మోకాళ్ళు లాగేస్తున్నాయి."

"మూడు ప్రదక్షిణాలు చెయ్యమని ఎవరన్నారు నానమ్మా? చూసి రమ్మంటేనూ!"

"అంత దూరం వెళ్ళి ఊరికే చూసొస్తామా?"

అందరూ నవ్వారు. నాగజ్యోతి నవ్వలేదు. తెనాలిలో ఈత కొలను తప్ప ఎరగని పిల్ల సముద్రంలో దిగడం ఇదే మొదటిసారి. మొదట వచ్చిన ఇద్దరినే రాష్ట్ర పోటీలకు పంపుతారు. దానికోసం శిల్ప ఆరు నెలలుగా తెల్లారకముందే లేస్తోంది.

సూర్యలంక తీరం జనంతో కిక్కిరిసి ఉంది. కారు పెట్టడానికి చోటు దొరక్క గోపీనాథ్ రోడ్డు మీదే తిరుగుతున్నాడు. ధనమ్మ సరుగుడు చెట్ల నీడన చాప పరుచుకుని కూర్చుంది. నీళ్ళ అంచున నాగజ్యోతి ఒక్కతే నిలబడింది.

ఈల మోగింది. నలభై పసుపు టోపీలు అలల్లోకి దూకాయి. దూరంగా ఉన్న పడవను చుట్టి వచ్చి, ఒడ్డు దగ్గర కట్టిన తాడు ముట్టుకోవాలి. నాగజ్యోతి కళ్ళు ఎర్ర చుక్క మీదే ఉన్నాయి. అది రెండుసార్లు మాయమై, రెండుసార్లూ తేలింది. తేలినప్పుడల్లా ఆమె ఊపిరి పీల్చుకుంది.

మూడోసారి టోపీ తేలింది. కింద తల లేదు.

ఖాళీ టోపీ అల మీద గిరగిరా తిరుగుతోంది.

చుట్టూ చప్పట్లు, కేకలు. నాగజ్యోతి పక్కనున్నాయన చెయ్యి పట్టుకుంది. "అన్నయ్యా... మా పిల్ల... టోపీ..."

"వచ్చేస్తుందిలేమ్మా. అదుగో, అందరూ వచ్చేస్తున్నారుగా!"

ఆమె వినలేదు. టోపీ వైపే నడిచింది. మోకాళ్ళ లోతు. నడుము లోతు. చీర కాళ్ళకు చుట్టుకుంది. ఈత రాదన్న సంగతి తర్వాతి అల తల మీదుగా వెళ్ళినప్పుడు గుర్తొచ్చింది. కాళ్ళ కింద ఇసుక లేదు. ముక్కులోకి, నోట్లోకి ఉప్పునీళ్ళు. పైకీ కిందికీ తేడా తెలియలేదు.

ఎవరో జడ పట్టుకుని లాగారు.

కళ్ళు తెరిచేసరికి ఇసుకలో పడుకుని ఉంది. ఎదురుగా, జుట్టంతా విరబోసుకుని, రొప్పుతూ శిల్ప. నాగజ్యోతి దాని తల, భుజాలు తడిమి చూసింది. చెంప మీద ఒక్కటిచ్చి, గట్టిగా కావలించుకుని ఏడ్చింది.

"టోపీ చిరిగిపోయిందమ్మా," అంది శిల్ప. "నువ్వు కుట్టిన దగ్గరే."

మధ్యాహ్నం చాప మీద పులిహోర పళ్ళేలు పెట్టుకుని కూర్చున్నారు. ఎవరికీ ముద్ద దిగడం లేదు.

"జాబితాలో దీని పేరు లేదు," అన్నాడు గోపీనాథ్. "తాడు ముట్టుకోలేదంట."

"టోపీ ఊడి జుట్టు కళ్ళలో పడుంటుంది. నా సూదే దాని కొంప ముంచింది," అంది నాగజ్యోతి.

"పోటీ పోతే పోయింది. నిన్ను ఒడ్డుకు లాగిన పుణ్యాత్ముడెవరో కనిపిస్తే చేతులెత్తి దణ్ణం పెడతా," అంది ధనమ్మ.

"ఇక ఈ సముద్రం వద్దండీ. ఈతే వద్దు." అంది నాగజ్యోతి. గోపీనాథ్ తలూపాడు.

శిల్ప మాత్రం పళ్ళెం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుంది.

"వచ్చే నెల కాకినాడలో ఇంకో పోటీ ఉంది. నేను వెళ్తున్నా. అమ్మ మాత్రం ఇంట్లోనే ఉండాలి. అందరికంటే ముందుండి, తాడు పది గజాల్లో పెట్టుకుని, మళ్ళీ వెనక్కి ఈదుకుంటూ వెళ్ళి తన జడ పట్టుకుని లాగడం నావల్ల కాదు."