చివరి ఎనిమిది పేజీలు

"ఆ పేజీలు బయటికియ్యనక్కా. పిల్లనే రమ్మను," అన్నాడు మల్లేశ్వర్, కౌబాయ్ నవలలను అరలో సర్దుతూనే.

శంషాబాద్ బస్టాండ్ పక్కన అతనిది కిరాయి పుస్తకాల షాపు. హత్యల నవల ఏది వచ్చినా, వచ్చిన రోజే చివరి ఎనిమిది పేజీలు కోసి సొరుగులో దాచేస్తాడు. మిగిలిన ఆఖరి పేజీ మీద 'ముగింపు మా షాపులోనే' అని ముద్ర కొడతాడు. పుస్తకం తిరిగి తెచ్చినవాళ్లు అక్కడే నిలబడి ముగింపు చదువుకుని పోవాలి. అట్లా చేయబట్టే ఇన్నేళ్లలో ఒక్క పుస్తకమూ పోలేదు.

"రాలేకనే గద తమ్మీ, నేనొచ్చిన," అంది చంద్రమ్మ.

"ఏమైంది? కొత్త ఎయిర్‌పోర్టుల డ్యూటీ దిగి శనివారం శనివారం వస్తుండె. మూడు వారాలాయె కనబడక."

"జరమొచ్చింది."

"దవాఖానల చూపెట్టిన్రా?"

"చూపెట్టినం."

కూతురు మంజుల రోడ్డెక్కితే లారీ గుద్దుతుందని, విమానం కిందుగా పోతే ఇంటి మీద పడుతుందని వణికే మనిషి చంద్రమ్మ. "నీ బుగులుకు నేను బతుకుడెట్లనే అమ్మా?" అని నవ్వేది బిడ్డ. అన్నిటికీ అంత భయపడ్డ తల్లి, బిడ్డ ఒళ్లు వేడెక్కితే మాత్రం గోలీ వేసి పడుకోబెట్టింది. ఒక రోజు కాదు, మూడు రోజులు.

"పొద్దుగాల్నుంచి అన్నం ముట్టలే తమ్మీ. ఇష్టమైనయన్నీ చేసి పెట్టినం. మా ఆయన చేతులు జోడించి బతిమాలిండు. ఏం కావాల్నో ఏమో! మెత్త కింద గీ పుస్తకం కనబడ్డది. నీ ముద్ర చూసి, గిదే అయ్యుంటదనుకున్న."

మల్లేశ్వర్ నవ్వాడు. "కత కోసం అన్నం మానేసిందా? అబ్బో! టెడ్ హత్య చెయ్యలేదని నాతోని పందెం కట్టి పోయింది లే."

"టెడ్ ఎవరు?"

"గుర్రాల పిలగాడక్కా. పశువుల ఆసామిని ఎవరో కాల్చి చంపుతరు. నేరం టెడ్ మీద పడ్తది. వాని మీద మనసు పడ్డ రోజీ, అసలు హంతకున్ని వెతుక్కుంట పోతది."

"ఒక్కతే పోతదా? ఆ పిల్లకేమన్న అయితదా?" అంది చంద్రమ్మ.

"అది నేను చెప్తే ఇగ నా షాపెందుకు?"

ఇంతలో ఆమె ఫోన్ మోగింది. అవతల భర్త బుచ్చయ్య.

"యాడున్నవే? రెండు కావస్తుంది. పొల్లగాండ్లు సుత ఆకలి మీదున్నరు. నువ్వన్న వచ్చి ఒక్క మాట చెప్తే తింటదేమో."

"వస్తున్న. నువ్వు ఏడ్వకు," అంది చంద్రమ్మ.

ఆ మాట విన్న మల్లేశ్వర్ ఇక నవ్వలేదు. సొరుగు లాగి, పిన్ను గుచ్చిన పేజీలు ఆమె చేతిలో పెట్టాడు. "ఈడనే చదువుకోని పోయి చెప్పు."

చంద్రమ్మ ఐదో తరగతితో ఆగిపోయింది. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంది. హంతకుడు ఆ ఊరి పోలీసు అధికారే. రోజీ సాక్ష్యం సంపాదించి, ఎడారికి అడ్డంపడి గుర్రాన్ని ఉరికించింది. ఊరు చేరేసరికి టెడ్‌ను ఉరి తీసేశారు. 'ఒక్క గంట ముందు వచ్చి ఉంటే...' అన్నాడు ముసలి డాక్టరు.

ఆ వాక్యం దగ్గర ఆమె వేలు చాలాసేపు కదల్లేదు.

"పందెం నువ్వే గెలిచినవని చెప్పక్కా," అన్నాడు మల్లేశ్వర్ పేజీలు అందుకుంటూ. "కొత్తదొకటి పక్కకు పెట్టిన. వచ్చే శనివారం రమ్మను."

చంద్రమ్మ తలాడించింది.

ఆటోలో తమ ఊరు పాల్మాకుల చేరేదాకా పెదవులు కదిలిస్తూనే ఉంది. ఆమెను చూడగానే చుట్టాలంతా పక్కకు జరిగి దారిచ్చారు.

"జల్ది చెప్పు చంద్రా. మేమంత బతిమాలి బతిమాలి అలిసినం," అంది ఆడబిడ్డ కౌసల్యమ్మ. "పుస్తకాలకు సుత గింత అలుగుతరా?"

వడ్డించిన అన్నం చల్లారి గట్టిపడింది. చంద్రమ్మ దాని ముందు చతికిలబడింది.

"మంజులా, టెడ్ చంపలే బిడ్డా. నువ్వే గెలిచినవ్. ఆ పోలీసోడే చంపిండు. రోజీ గుర్రమెక్కి వచ్చింది..." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆలస్యం గాలే బిడ్డా. వేళకే వచ్చింది. ఆ పిలగాన్ని బతికిచ్చుకున్నది. పెండ్లి గూడ చేసుకున్నరు. ఇగ తిను తల్లీ."



కాకి వచ్చి విస్తట్లో ముద్ద ముట్టింది.