నాలుగు ఒక్కపొద్దులు

"పొద్దున పిల్ల ఏమన్న తిన్నదా?" అని రక్తపరీక్ష కాగితం చూస్తూ డాక్టరు సాయినాథ్ అడగడమే ఆలస్యం, రేణుక చెయ్యి కూతురి వీపు మీద పడింది.

"దొంగతిండి తిన్నవా? ఫాస్టింగుల రమ్మన్నరని రాత్రి సంది మొత్తుకున్న గదనే."

పదమూడేళ్ళ రవళి వీపు తడుముకుంది గానీ ఏడవలేదు. "ఏం తినలేదమ్మా. ఒక్కపొద్దే ఉన్న. నీ ముంగటనే ఉన్న గదా."

తల్లీకూతుళ్ళు మేడిపల్లి నుంచి మొదటి బస్సుకే జగిత్యాలకు వచ్చారు. బడిలో వైద్య శిబిరం పెట్టినవాళ్ళు రవళి నడుము కొలిచి, బీపీ చూసి, మెడ మీది నల్లటి చారను ఒకటికి రెండుసార్లు పరికించి, పెద్ద డాక్టరుకు చూపించమని చీటీ రాసిచ్చారు. ఆ చార మురికేనని రేణుక నెల రోజులుగా పీచుతో రుద్దుతూనే ఉంది. తోలు లేచిందే గానీ నలుపు పోలేదు.

"ఒక్కపొద్దంటే?" అన్నాడు డాక్టరు.

"అన్నం ముట్టలేదు సార్. గ్లాసెడు పాలు, మూడు అరటిపండ్లు, గంతే. పిల్ల సొమ్మసిల్లుతదని మా అత్త పాలల్ల చక్కెర జెర ఎక్కువేసింది."

సాయినాథ్ తల పట్టుకున్నాడు. "ఫాస్టింగంటే పరగడుపున రావాలమ్మా. మంచినీళ్ళు తప్ప ఏం ముట్టద్దు."

రేణుకకు ప్రాణం లేచొచ్చింది. తప్పు పాలదన్నమాట, పిల్లది కాదు. "నాకైతే ఊర్ల ఎప్పుడంటే అప్పుడు వేలు గుచ్చి షుగర్ చూస్తరు సార్, గీ ముచ్చట ఎరుకలేదు. రేపు మళ్ల తీస్కొస్త. బిడ్డకు ఏం రోగం లేనట్టే గదా?"

"ఉన్నట్టేనమ్మా. ఇయ్యాల్టి షుగర్ సంగతి ఇడిసిపెట్టు. మూడు నెలల షుగర్ చూసే పరీక్ష ఇంకోటి చేసినం. దానికి తిన్నా తినకున్నా ఒక్కటే. గదీ ఎక్కువే వచ్చింది. నడుము చుట్టూ కొవ్వు, బీపీ, షుగర్ మూడూ కలిసినయి. దీన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటం. మెడ మీద మురికి కాదు, లోపలి జబ్బే అట్ల బయటపడ్డది. పిల్ల తిండి ఎట్లున్నది?"

రేణుక కూతురి మెడ మీది చారను వేలితో మెల్లగా తడిమింది.

"తిండేంది సార్, వారంల నాలుగు రోజులు పొద్దుమీకేదాక అన్నమే ముట్టది. సోమారం రాజన్నకు, మంగళారం అంజన్నకు, బేస్తారం సాయిబాబకు, శనారం నర్సన్నకు. ఏడాదిన్నర సంది గిదే."

"మరి గా నాలుగు రోజులు ఏం తింటది?"

"అరటిపండ్లు, చక్కెర పాలు, సగ్గుబియ్యం పాయసం, ఖర్జూరాలు. కడుపు కాలుతదని గిన్నెలు గిన్నెలు నేనే పెడ్త..."

చెబుతుంటేనే రేణుకకు అర్థమైంది. అన్నీ తన చేత్తో పెట్టినవే. దొంగతిండని పిల్లను కొట్టినందుకు ఆమెకు చచ్చేంత సిగ్గేసింది.

డాక్టరు రవళి వైపు తిరిగాడు. "గిన్ని ఒక్కపొద్దులెందుకు బిడ్డా? సన్నబడాలెననా?"

"నేను ఎన్నిసార్లు అడిగినా చెప్పది సార్," అంది రేణుక. "చెప్తే మొక్కు ఫలించదట."

రవళి తల్లి ముఖంలోకి ఒకసారి చూసి, తల దించుకుంది.

"అమ్మకు షుగర్ పోవాలని మొక్కిన సార్."