టాంటలం కరగలేదు

“మేడమ్, మళ్లీ కరగలేదు.”

పరిశోధక విద్యార్థిని కొత్త చిత్రం మేడమ్ ముందు పెట్టింది.

రెండు వజ్రాల మొనల మధ్య టాంటలం రేకు. వెంట్రుక మందంలో సగమైనా ఉండదు. దాని మీద మామూలు గాలి ఒత్తిడికి పది లక్షల రెట్ల ఒత్తిడి, పైగా లేజర్ వేడి. ఆ రంగంలో అందరూ కళ్లకద్దుకునే పాత పరిశోధన పేపరు ప్రకారం ఆ లోహం నాలుగు వేల డిగ్రీలకే నీరైపోవాలి. ఐదు వేలు దాటినా ఎక్స్-రే చిత్రంలో స్ఫటికం గీతలు చెక్కుచెదరలేదు.

“నీ కొలతలోనే ఏదో పొరపాటుంది. మళ్లీ చెయ్యి” అంది మేడమ్.

మళ్లీ చేసింది. ఆరుసార్లు చేసింది. రెండు జతల వజ్రాలు పగిలాయి. మేడమ్ విరుచుకుపడింది. నిద్రమొహమంది. చేతకాకపోతే మానెయ్యమంది. ఆ అమ్మాయి స్టోర్ రూములో కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, ఏడోసారి రేకు బిగించింది.

ఈసారి మేడమ్ పక్కనే కూర్చుంది. సాయంత్రం దాకా తెర మీంచి చూపు తిప్పలేదు. చివరికి లేచి, పాత పేపరు తెచ్చి బల్ల మీద పరిచింది. ఎర్ర పెన్ను తీసింది.

“రేకు మీద మెరుపు కదిలిందట. ఇంకేం, కరిగిపోయిందని రాసెయ్యడమే! వజ్రంలోంచి కార్బన్ లోహంలోకి చేరి ఆ మెరుపు కదిలిందేమోనన్న అనుమానమైనా రావద్దూ? పేరు కోసం మరీ అంత ఆత్రమా?”

“పోనీలెండి మేడమ్” అంది అమ్మాయి తలెత్తకుండా. “అప్పట్లో ఎక్స్-రే సదుపాయం లేదు కదా.”

“సదుపాయం లేదు, సరే. బుద్ధి?”

మర్నాడు సంగతి తెలిసి డైరెక్టరు ఆదరాబాదరా వచ్చాడు.

“పద్దెనిమిదేళ్ల కిందటి పేపరమ్మా! ఇప్పుడు కెలకడం అవసరమా? ఈ భవనం వచ్చిందే దాని చలవ వల్ల. వచ్చే నెల సన్మానం కూడా పెట్టుకున్నాం. ఆహ్వానాలు అచ్చయిపోయాయి.”

“అచ్చయితే చించెయ్యండి.”

“చిన్న సవరణలా వేద్దాం. పరువు నిలబడుతుంది.”

“వెయ్యి డిగ్రీల తేడా చిన్న సవరణా? లోకమంతా పిల్లలు ఆ అంకె వల్లెవేస్తున్నారు. పేపరు మొత్తం రద్దు కావాల్సిందే.”

డైరెక్టరు కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. చివరికి అమ్మాయి కూడా బతిమాలింది, కొన్నాళ్లు ఆగుదామని. మేడమ్ ఆమెకేసి ఒక్క చూపు చూసింది. అమ్మాయి వెళ్లి కంప్యూటర్ తెరిచింది.

మధ్యాహ్నానికల్లా పత్రికకు ఉత్తరం తయారైంది. పేపరు తప్పు. రద్దు చేయండి. రెండే వాక్యాలు.

మేడమ్ దాన్ని నిదానంగా చదువుకుని, అడుగున ‘పేపరు రచయిత్రి’ అని ఉన్న చోట సంతకం పెట్టింది.